హిస్టోన్ల రసాయన మార్పులు – కణంలో డీఎన్‌ఏ అమరిక

జంతువులు, మొక్కలు, శిలీంద్రాల కణాల్లో డీఎన్‌ఏ ఒంటరిగా ఉండదు. హిస్టోన్లు అనే ప్రోటీన్లకు చుట్టుకొని, క్రోమాటిన్ రూపంలో కేంద్రకంలో ఇమిడి ఉంటుంది. ఎసిటైల్, మిథైల్, ఫాస్ఫేట్ వంటి చిన్న రసాయన సమూహాలు ఈ హిస్టోన్లకు అతుక్కున్నా, వాటినుంచి ఊడిపోయినా డీఎన్‌ఏ చుట్ల బిగువు మారుతుంది. ఏ జన్యువును కణం చదవగలదో, దేన్ని మూసి ఉంచుతుందో కూడా మారుతుంది. వీటినే హిస్టోన్ల రసాయన మార్పులు అంటారు. డీఎన్‌ఏ అక్షరక్రమం చెక్కుచెదరకుండానే జన్యువుల నడవడిని మార్చే ఏర్పాట్లను ఎపిజెనెటిక్స్ అనే శాఖ అధ్యయనం చేస్తుంది. హిస్టోన్ మార్పులు ఆ శాఖకు మూలస్తంభం.

ఈ విషయం ప్రయోగశాలలకే పరిమితం కాదు. వనపర్తి జిల్లా ఆత్మకూరు చుట్టుపక్కల, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాల్లో పండే వేరుశనగకు పట్టే విషపు బూజు, పత్తి చేలలో రైతును సతాయించే పిండినల్లి, ఊళ్లను ఇంకా వదలని క్షయ – ఈ మూడింటి జీవశాస్త్రంలోనూ హిస్టోన్ మార్పులు కీలకమే. వీటిలో క్షయకు సంబంధించిన ముఖ్యమైన పరిశోధన హైదరాబాదులోనే జరిగింది.

డీఎన్‌ఏ ఇమిడే తీరు

మనిషి కణం ఒక్కదానిలోని డీఎన్‌ఏను సాగదీసి కొలిస్తే సుమారు 2 మీటర్లు ఉంటుంది. అది ఇమడవలసిన కేంద్రకం వ్యాసం మీటరులో లక్షో వంతుకు మించదు. ఇంత పొడవు అంత చోటులో చిక్కుపడకుండా ఉండాలి, పైగా కావలసిన చోట కావలసినప్పుడు తెరుచుకోవాలి. ఈ రెండు పనులనూ సాధ్యం చేసే తొలి మెట్టు న్యూక్లియోసోమ్.

హెచ్2ఏ, హెచ్2బి, హెచ్3, హెచ్4 అనే నాలుగు రకాల హిస్టోన్లు రెండేసి చొప్పున కలిసి ఎనిమిది ప్రోటీన్ల ముద్దగా ఏర్పడతాయి. గద్వాల నేతకారులు కండెకు నూలు చుట్టినట్టు, ఈ ముద్ద చుట్టూ 147 బేస్ జతల డీఎన్‌ఏ సుమారు 1.65 చుట్లు తిరుగుతుంది. అక్కడి నుంచి కొంత డీఎన్‌ఏ వదులుగా సాగి, తర్వాతి ముద్దకు చుట్టుకుంటుంది. డీఎన్‌ఏ ముద్దలోకి వచ్చే చోట, బయటికి పోయే చోట హెచ్1 అనే మరో హిస్టోన్ పట్టు వేస్తుంది. మనిషి కణం ఒక్కదానిలో ఇలాంటి న్యూక్లియోసోమ్‌లు దాదాపు 3 కోట్లు ఉంటాయి.

ఈ చుట్టు నిలవడానికి ప్రధాన కారణం విద్యుదావేశం. డీఎన్‌ఏ వెన్నెముకలోని ఫాస్ఫేట్లకు రుణావేశం ఉంటుంది. హిస్టోన్లలో సమృద్ధిగా ఉండే లైసీన్, ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాలకు ధనావేశం ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ప్రతి హిస్టోన్ నుంచి ఒక సన్నని కొస తోకలాగా ముద్ద బయటికి పొడుచుకొని ఉంటుంది. రసాయన మార్పుల్లో ఎక్కువ భాగం జరిగేది ఈ తోకల మీదే. కొన్ని ముద్ద మధ్యభాగంలోనూ జరుగుతాయి.

పరిణామక్రమంలో హిస్టోన్లు అతి తక్కువగా మారిన ప్రోటీన్లు. హెచ్4లో 102 అమైనో ఆమ్లాలుంటే, బఠాణీ మొక్క హెచ్4కూ ఆవు హెచ్4కూ మధ్య రెండే తేడాలు కనిపించాయి. కోట్ల ఏళ్లుగా వేరువేరు దారుల్లో నడిచిన ప్రాణులు ఈ ప్రోటీన్‌ను దాదాపు యథాతథంగా కాపాడుకున్నాయంటే, దానిలోని ప్రతి అమైనో ఆమ్లానికీ పని ఉందన్నమాట.

పరిశోధన చరిత్ర

జర్మన్ శాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ కోసెల్ 1884లో పక్షుల ఎర్ర రక్తకణాల నుంచి హిస్టోన్లను వేరుచేశాడు. కణ రసాయనశాస్త్రంలో చేసిన కృషికి ఆయనకు 1910లో నోబెల్ బహుమతి లభించింది. ఆ తర్వాత చాలాకాలం హిస్టోన్లను డీఎన్‌ఏను మోసే నిర్జీవమైన దన్నుగానే చూశారు.

1964లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ ఆల్‌ఫ్రీ, ఆయన సహచరులు హిస్టోన్లకు ఎసిటైల్, మిథైల్ సమూహాలు చేరతాయని చూపారు. ఎసిటైల్ చేరితే ఆర్‌ఎన్‌ఏ తయారీకి హిస్టోన్లు కలిగించే అడ్డు తగ్గుతుందని ప్రతిపాదించారు. అప్పటికి న్యూక్లియోసోమ్ ఏమిటో కూడా ఎవరికీ తెలియదు. 1974లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఒలిన్స్ దంపతులు క్రోమాటిన్‌లో వరుసగా పూసలవంటి నిర్మాణాలను చూశారు. అదే ఏడాది రోజర్ కోర్న్‌బర్గ్ ఎనిమిది హిస్టోన్ల ముద్ద నమూనాను ప్రతిపాదించాడు. 1997లో జ్యూరిచ్‌లో కారొలిన్ లూగర్, టిమొతీ రిచ్‌మండ్ బృందం న్యూక్లియోసోమ్ స్ఫటికాన్ని 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చిత్రించింది.

హిస్టోన్ల పని కేవలం మోయడం కాదని రుజువు చేసినవి ఈస్ట్ కణాల మీద మైకేల్ గ్రన్‌స్టైన్ చేసిన ప్రయోగాలు. హిస్టోన్ తోకను కత్తిరిస్తే, లేదా అందులోని లైసీన్లను మారిస్తే, కొన్ని జన్యువులు మేలుకోవలసినప్పుడు మేలుకోలేదు. మూసి ఉండవలసినవి తెరుచుకున్నాయి. 1996లో డేవిడ్ ఆలిస్ బృందం టెట్రాహైమెనా అనే ఏకకణ జీవి నుంచి ఎసిటైల్‌ను అతికించే ఎంజైమును పట్టుకుంది. అది ఈస్ట్‌లో జన్యువులను చైతన్యపరుస్తుందని ముందే తెలిసిన జీసీఎన్5 ప్రోటీన్‌కు బంధువని తేలింది. అదే ఏడాది స్టూవర్ట్ ష్రైబర్ బృందం ఎసిటైల్‌ను తొలగించే ఎంజైమును గుర్తించింది. జన్యువులను నడిపే ప్రోటీన్లకూ హిస్టోన్లను మార్చే ఎంజైములకూ ఉన్న బంధం దీంతో స్పష్టమైంది. ఆలిస్, గ్రన్‌స్టైన్‌లకు 2018లో లాస్కర్ పురస్కారం లభించింది.

మార్పుల రకాలు

ఎసిటైలేషన్: లైసీన్‌కు ఎసిటైల్ సమూహం చేరితే దాని ధనావేశం పోతుంది. డీఎన్‌ఏ మీద, పక్కనున్న న్యూక్లియోసోమ్ మీద హిస్టోన్ పట్టు సడలుతుంది. హెచ్4 తోకలోని 16వ లైసీన్ దీనికి చక్కని ఉదాహరణ. ఆ ఒక్క చోట ఎసిటైల్ ఉంటే చాలు, న్యూక్లియోసోమ్‌ల గొలుసు గట్టిగా ముడుచుకోలేదని 2006లో ప్రయోగశాలలో నిరూపించారు. పనిచేస్తున్న జన్యువుల దగ్గర ఎసిటైలేషన్ సాధారణంగా ఎక్కువగా కనిపిస్తుంది.

మిథైలేషన్: లైసీన్‌కు ఒకటి, రెండు లేదా మూడు మిథైల్ సమూహాలు, ఆర్జినీన్‌కు ఒకటి లేదా రెండు చేరతాయి. ఇక్కడ ఆవేశం మారదు. అందువల్ల ఫలితమంతా అది ఏ స్థానంలో ఉంది, దాన్ని ఏ ప్రోటీన్ గుర్తిస్తుంది అన్న దాని మీద ఆధారపడుతుంది. హెచ్3లోని 4వ లైసీన్ మీద మూడు మిథైల్‌లుంటే అక్కడొక జన్యువు చురుకుగా మొదలవుతోందని గుర్తు. 36వ లైసీన్ మీద ఉంటే జన్యువు మధ్యభాగంలో చదువు సాగుతోందని గుర్తు. 9వ లైసీన్ మీద ఉంటే గట్టిగా మూసిన ప్రాంతమని, 27వ లైసీన్ మీద ఉంటే ఆ కణానికి ప్రస్తుతం అక్కరలేని జన్యువని గుర్తు. ఒకే ప్రోటీన్ మీద, ఒకే రసాయన సమూహం, కొద్ది స్థానాల తేడాతో తలుపు తీయగలదు, మూయగలదు.

ఫాస్ఫొరిలేషన్: ఫాస్ఫేట్ చేరితే రుణావేశం పెరుగుతుంది. కణవిభజన సమయంలో హెచ్3లోని 10వ సెరీన్‌కు ఫాస్ఫేట్ చేరుతుంది. డీఎన్‌ఏ రెండు పోగులూ తెగిన చోట హెచ్2ఏఎక్స్ అనే ప్రత్యేక హిస్టోన్‌కు ఫాస్ఫేట్ చేరుతుంది. ఇది 1998లో వెల్లడైంది. మరమ్మతు చేసే ప్రోటీన్లను అక్కడికి రప్పించే తొలి కబురు ఇదే. రేడియేషన్ వల్ల కణాలకు కలిగిన నష్టాన్ని కొలవడానికి నేడు దీన్నే వాడుతున్నారు.

యుబిక్విటినేషన్: యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీనే మొత్తంగా హిస్టోన్‌కు చేరుతుంది. హెచ్2ఏకు చేరితే సాధారణంగా జన్యువు మూతపడుతుంది. హెచ్2బికి చేరితే చదువు సాగుతుంది. యుబిక్విటిన్ మరో ప్రోటీన్‌కు అతుక్కొని ఉండటం శాస్త్రవేత్తలు మొదట చూసింది కూడా హెచ్2ఏ మీదే.

ఇవి కాక మరెన్నో ఉన్నాయి. కండరాలు శ్రమించినప్పుడు పుట్టే లాక్టేట్ నుంచి వచ్చే సమూహం సైతం హిస్టోన్లకు చేరుతుందని 2019లో బయటపడింది.

అతికించేవి, తొలగించేవి, గుర్తుపట్టేవి

హిస్టోన్ మార్పుల వ్యవస్థను మూడు రకాల ప్రోటీన్లు నడుపుతాయి. మొదటివి రసాయన సమూహాలను అతికిస్తాయి. రెండోవి తొలగిస్తాయి. మూడోవి గుర్తులను పసిగట్టి అక్కడ చేరి తదుపరి పని మొదలుపెడతాయి. బ్రోమోడొమైన్ అనే భాగమున్న ప్రోటీన్లు ఎసిటైల్‌ను గుర్తుపడతాయి. క్రోమోడొమైన్ ఉన్న ప్రోటీన్లలో చాలావరకు మిథైల్‌ను గుర్తుపడతాయి.

హెచ్3లోని 9వ లైసీన్‌కు మిథైల్ చేర్చే ఎంజైమును 2000లో థామస్ యెనువైన్ బృందం గుర్తించింది. ఆ గుర్తును హెచ్‌పీ1 అనే ప్రోటీన్ పట్టుకుంటుందని మరుసటి ఏడు తేలింది. పట్టుకున్న హెచ్‌పీ1 మళ్లీ మిథైల్ చేర్చే ఎంజైమును రప్పిస్తుంది. ఎంజైము పక్క న్యూక్లియోసోమ్‌ను గుర్తుపెడుతుంది. ఇలా మూసివేత ఒక న్యూక్లియోసోమ్ నుంచి మరొకదానికి పాకుతుంది. గట్టిగా ముడుచుకున్న హెటిరోక్రోమాటిన్ ప్రాంతాలు ఏర్పడే దారుల్లో ఇది ముఖ్యమైనది. హద్దులు గీసే డీఎన్‌ఏ భాగాలు ఈ పాకుడును ఆపుతాయి.

మిథైల్ గుర్తు ఒకసారి పడితే పోదని ఎందరో నమ్మేవారు. 2004లో యాంగ్ షీ బృందం దాన్ని తొలగించే ఎల్‌ఎస్‌డీ1 ఎంజైమును కనుగొనడంతో ఆ నమ్మకం తొలగింది. హిస్టోన్ల మీద ఏ ప్రధాన మార్పూ శాశ్వతం కాదన్న సంగతి వైద్యానికి కొత్త దారి చూపింది.

రసాయన సమూహాలు ఎక్కడివి?

ఈ సమూహాలన్నీ కణం రోజువారీ ఆహార వినియోగం నుంచే వస్తాయి. ఎసిటైల్ సమూహం చక్కెరలు, కొవ్వులు కరిగేటప్పుడు పుట్టే ఎసిటైల్ కోఎంజైమ్-ఏ నుంచి వస్తుంది. ఫాస్ఫేట్‌ను, కణానికి శక్తినిచ్చే అణువైన ఏటీపీ ఇస్తుంది. మిథైల్‌ను ఎస్-అడినోసిల్ మిథియొనీన్ అందిస్తుంది. దాని సరఫరా ఆగకుండా ఉండటానికి ఫోలిక్ ఆమ్లం తోడ్పడుతుంది.

ఈ జాబితాలో రెండు చోట్ల ఒక తెలుగు శాస్త్రవేత్త కృషి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాలలో ఏటీపీ ఉనికిని ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నాడు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలల్లో సుబ్బారావు నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. హిస్టోన్లకు మార్పులు జరుగుతాయని లోకానికి తెలియకముందే, 1948లో ఆయన కన్నుమూశారు. ఆయన చేతుల మీదుగా వెలుగు చూసిన పదార్థాలే ఆ మార్పులకు ముడిసరుకును సమకూరుస్తాయని తర్వాతి తరాలు తెలుసుకున్నాయి. ఆకుకూరలు, పప్పులు, వేరుశనగ ఫోలేట్ దొరికే మంచి ఆహారాలు.

తిండికీ హిస్టోన్లకూ మరో దారిలోనూ లంకె ఉంది. ధాన్యాలు, పప్పులు, కూరల్లోని పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యూటిరేట్‌ను తయారుచేస్తాయి. అది ఎసిటైల్‌ను తొలగించే ఎంజైములను అడ్డుకుంటుంది. కణాలకు బ్యూటిరేట్ ఇస్తే హిస్టోన్ల మీద ఎసిటైల్ పెరుగుతుందని 1977లోనే గమనించారు.

కణానికి జ్ఞాపకం

కాలేయ కణంలోనూ మెదడు కణంలోనూ డీఎన్‌ఏ దాదాపు ఒకటే. తేడా అంతా ఏ జన్యువులు తెరిచి ఉన్నాయి, ఏవి మూసి ఉన్నాయి అన్న దానిలోనే. కణం విభజన చెందేటప్పుడు పాత హిస్టోన్లు రెండు పిల్ల కణాల డీఎన్‌ఏకూ పంచబడతాయి. వాటి మీది గుర్తులను చూసి, కొత్తగా చేరిన హిస్టోన్ల మీద ఎంజైములు అవే గుర్తులు వేస్తాయి. కాలేయ కణం తర్వాత కాలేయ కణమే పుట్టడానికి ఇదొక ఆధారం.

ఈ జ్ఞాపకాన్ని నిలిపేవాటిలో పాలీకోంబ్ ప్రోటీన్లు ప్రముఖమైనవి. డ్రోసోఫిలా ఈగల్లో ఇవి తొలుత బయటపడ్డాయి. ఇవి హెచ్3లోని 27వ లైసీన్‌ను మిథైల్‌తో గుర్తుపెట్టి, దేహంలో ఏ ఖండంలో ఏ అవయవం రావాలో నిర్ణయించే హాక్స్ జన్యువులను అక్కరలేని చోట మూసి ఉంచుతాయి. ట్రైథొరాక్స్ ప్రోటీన్లు దానికి ఎదురు పనిచేసి జన్యువును తెరిచి ఉంచుతాయి. హైదరాబాదు హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా బృందం ఏళ్లపాటు ఈ విషయం మీద, హాక్స్ జన్యువుల మధ్య హద్దులు గీసే డీఎన్‌ఏ భాగాల మీద పనిచేసింది. పుష్పమిత్ర భార్గవ తొలి సారథిగా 1977లో మొదలైన ఈ సంస్థలో క్రోమాటిన్ పరిశోధన బలమైన సంప్రదాయంగా ఎదిగింది.

ఆడ క్షీరదాల కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోములుంటే ఒకటి మూతపడుతుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించింది. ఆ మూసివేతలోనూ 27వ లైసీన్ మిథైలేషన్‌కు పాత్ర ఉంది.

పిండినల్లిలో తండ్రి క్రోమోజోములు

పత్తి, బెండ, మందార మొక్కల మీద తెల్లని పొడితో గుంపులుగా కనిపించే పిండినల్లులు క్రోమాటిన్ శాస్త్రానికి అరుదైన ఉదాహరణను ఇచ్చాయి. ఆడ పురుగులో తల్లి నుంచి వచ్చిన క్రోమోజోములు, తండ్రి నుంచి వచ్చినవి రెండూ పనిచేస్తాయి. మగ పురుగుగా ఎదిగే పిండంలో మాత్రం తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోముల మొత్తం జట్టు హెటిరోక్రోమాటిన్‌గా ముడుచుకొని మూగబోతుంది. అది తర్వాతి తరానికి చేరే వీర్యంలోకి కూడా వెళ్లదు. ఈ వింత క్రోమోజోములను ఫ్రాంజ్ ష్రేడర్ 1921లో వర్ణించాడు. అలా ముడుచుకునేవి తండ్రివేనని తర్వాత ఎక్స్ కిరణాల ప్రయోగాలతో స్పెన్సర్ బ్రౌన్ బృందం రుజువు చేసింది.

డీఎన్‌ఏ క్రమంలో లోపమేమీ లేకుండా, ఎవరి నుంచి వచ్చిందన్న ఆధారం మీదే మొత్తం జట్టు మూతపడటం ఇక్కడి విశేషం. ముడుచుకున్న ఆ క్రోమోజోములలో హెచ్3లోని 9వ లైసీన్, హెచ్4లోని 20వ లైసీన్ మీద మిథైల్ గుర్తులు, హెచ్‌పీ1ను పోలిన ప్రోటీన్ అధికంగా కనిపిస్తాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో శరత్ చంద్ర, వాణీ బ్రహ్మచారి, సంజీవ్ ఖోస్లా తదితరులు 1990ల్లో ఈ పురుగుల క్రోమాటిన్‌ను అధ్యయనం చేశారు. మగ పురుగుల్లో, డీఎన్‌ఏను కత్తిరించే ఎంజైములకు లొంగని క్రోమాటిన్ భాగాన్ని గుర్తించారు.

క్షయ క్రిమి ఎత్తు

ఖోస్లా తర్వాత హైదరాబాదులోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నొస్టిక్స్ కేంద్రం సీడీఎఫ్‌డీలో క్షయ క్రిమి మీద దృష్టి పెట్టారు. ఈ క్రిమి మనిషి రక్షక కణాల్లోనే దూరి బతుకుతుంది. ఆ కణాలు తమ ఆయుధాలను ఎందుకు వాడలేకపోతున్నాయన్నది పెద్ద ప్రశ్న. ఖోస్లా బృందం, వినయ్ నందికూరితో కలిసి 2015లో ఒక జవాబును వెలువరించింది.

క్షయ క్రిమి ఆర్‌వీ1988 అనే ప్రోటీన్‌ను బయటికి స్రవిస్తుంది. అది మనిషి కణంలోని కేంద్రకంలోకి చేరి, క్రోమాటిన్‌ను పట్టుకొని, హెచ్3లోని 42వ ఆర్జినీన్‌కు మిథైల్ సమూహాలు చేరుస్తుంది. ఈ ఆర్జినీన్ తోకలో లేదు. డీఎన్‌ఏ న్యూక్లియోసోమ్‌లోకి వచ్చే, బయటికి పోయే ద్వారం దగ్గర ఉంది. అక్కడ గుర్తు పడితే క్రిమిని తొలిదశలో ఎదుర్కోవలసిన జన్యువులు అణగిపోతాయి. ఈ ప్రోటీన్ లేకుండా చేసిన క్షయ క్రిమి దేహంలో అంతగా నిలదొక్కుకోలేకపోయింది. ఆ ప్రోటీన్‌ను హానిచేయని మరో బాక్టీరియాలో పెట్టినప్పుడు, ఆ బాక్టీరియా సోకిన ఎలుకల ఆరోగ్యం దెబ్బతింది. సూక్ష్మక్రిమి మన హిస్టోన్ల మీద స్వయంగా గుర్తు వేసి మన జన్యువులను మూయగలదని చూపిన ఈ పని, క్షయకు మందులు వెతికేవారి ముందు కొత్త లక్ష్యాన్ని ఉంచింది.

వేరుశనగ బూజు, అఫ్లటాక్సిన్

వనపర్తి, గద్వాల జిల్లాలున్న పాలమూరు ప్రాంతంలో యాసంగి వేరుశనగ ప్రధానమైన పంట. కాయ ఊరే దశలో నీటి ఎద్దడి వచ్చినా, తడి ఆరని కాయను నిల్వచేసినా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్జిల్లస్ పారాసిటికస్ అనే బూజులు పట్టి అఫ్లటాక్సిన్‌ను తయారుచేస్తాయి. ఇది కాలేయ క్యాన్సర్ కారకం. అఫ్లటాక్సిన్ ఉన్న కాయకు ఎగుమతి మార్కెట్ తలుపు మూసుకుంటుంది.

ఈ విషం తయారీకి కావలసిన సుమారు 25 జన్యువులు బూజు క్రోమోజోములో ఒకే చోట గుంపుగా ఉంటాయి. మామూలు వేళల్లో ఆ ప్రాంతం మూసి ఉంటుంది. జాన్ లిన్జ్ బృందం 2007లో ఆస్పర్జిల్లస్ పారాసిటికస్‌ను పరిశీలించి, ఆ గుంపులో జన్యువులు ఏ వరుసలో మేలుకుంటాయో, హెచ్4 ఎసిటైలేషన్ కూడా అదే వరుసలో పాకుతుందని చూపింది. ఆస్పర్జిల్లస్‌లో ఇలాంటి జన్యువుల గుంపులను మేలుకొలిపే లేయే అనే ప్రోటీన్‌ను నాన్సీ కెల్లర్ బృందం 2004లో గుర్తించింది. బంధు జాతి బూజులో ఎసిటైల్‌ను తొలగించే ఎంజైమును తీసేస్తే, అఫ్లటాక్సిన్‌కు ముందు మెట్టయిన విషం త్వరగా, ఎక్కువగా పుట్టింది.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిసాట్ తక్కువ ఖర్చుతో అఫ్లటాక్సిన్‌ను గుర్తించే పరీక్షలను, బూజును తట్టుకునే వేరుశనగ రకాలను రూపొందించే పనిలో చాలాకాలంగా ఉంది. రైతుకు అందుబాటులో ఉన్న రక్షణ నేటికీ సకాలంలో తీత, కాయను బాగా ఎండబెట్టడం, బూజుపట్టిన కాయను ఏరివేయడమే. విషపు జన్యువుల ప్రాంతాన్ని బూజులోనే మూసి ఉంచగల ఉపాయం దొరికితే, ఆ రక్షణకు మరో బలం తోడవుతుంది.

వైద్యంలో ఉపయోగం

అనేక క్యాన్సర్లలో హిస్టోన్లను మార్చే ఎంజైముల జన్యువులు చెడిపోయి ఉంటాయి. 2012లో పిల్లల మెదడు కాండంలో వచ్చే ఒక ప్రాణాంతక క్యాన్సర్‌లో హిస్టోన్ జన్యువే మారి, హెచ్3లోని 27వ లైసీన్ స్థానంలో మిథియొనీన్ ఉండటం బయటపడింది. హిస్టోన్‌లో ఒక్క అమైనో ఆమ్లం తేడా అంత దూరం తీసుకెళ్లగలదు.

ఎసిటైల్‌ను తొలగించే ఎంజైములను ఆపే వొరినోస్టాట్ అనే మందును 2006లో అమెరికా చర్మపు టి-కణ లింఫోమాకు అనుమతించింది. తర్వాత రొమిడెప్సిన్, బెలినోస్టాట్, పానొబినోస్టాట్ వచ్చాయి. 27వ లైసీన్‌కు మిథైల్ చేర్చే ఎంజైమును ఆపే టాజిమెటోస్టాట్‌కు 2020లో అనుమతి లభించింది. మూర్ఛకు దశాబ్దాలుగా వాడుతున్న వాల్‌ప్రోయిక్ ఆమ్లం కూడా ఎసిటైల్ తొలగింపును అడ్డుకుంటుందని 2001లో తెలిసింది.

బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో తపస్ కుందు బృందం మన వంటింట, తోటల్లో ఉండే పదార్థాలను పరీక్షించింది. జీడిగింజ పెంకు నూనెలోని అనకార్డిక్ ఆమ్లం, పసుపులోని కర్క్యుమిన్, ఎసిటైల్‌ను అతికించే పీ300 ఎంజైమును ఆపుతాయని 2003, 2004లో ప్రకటించింది. ఇవి ప్రయోగశాల ఫలితాలు. తిన్న పసుపులో కర్క్యుమిన్ రక్తంలోకి చాలా కొద్దిగానే చేరుతుంది. కాబట్టి పసుపు తింటే క్యాన్సర్ తగ్గుతుందని దీని అర్థం కాదు. వీటి నిర్మాణం ఆధారంగా మేలైన అణువులను తయారుచేయడానికి ఆ ఫలితాలు ఉపయోగపడ్డాయి.

నేటి ప్రశ్నలు

న్యూక్లియోసోమ్‌ల గొలుసు 30 నానోమీటర్ల మందంతో క్రమబద్ధంగా చుట్టుకుంటుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. కణం లోపలే చూసే కొత్త పద్ధతుల్లో అటువంటి క్రమం సాధారణంగా కనిపించలేదు. 2017లో వెలువడిన చిత్రాల్లో 5 నుంచి 24 నానోమీటర్ల మందమున్న, క్రమం లేని గొలుసులు కనిపించాయి. వాటి సాంద్రతే చోటును బట్టి మారుతోంది. అంటే హిస్టోన్ మార్పులు డీఎన్‌ఏను మెట్టుమెట్టుగా మడవడం కన్నా, ఎక్కడ ఎంత దట్టంగా ఉండాలో నిర్ణయిస్తాయని భావించడం సబబు.

ఒక గుర్తు జన్యువును నడిపిస్తోందా, లేక జన్యువు నడవడం వల్ల ఆ గుర్తు పడిందా అన్న చర్చ కూడా సాగుతోంది. కొన్ని గుర్తులకు కారణమనే స్థానం ప్రయోగాలతో ఖాయమైంది; మరికొన్నింటి విషయంలో అవి ఫలితమేనని అనిపిస్తోంది. ఎంచుకున్న ఒక్క చోట మాత్రమే గుర్తు వేయగల, చెరపగల పరికరాలు ఇప్పుడు ప్రయోగశాలల చేతికి వచ్చాయి. ప్రతి గుర్తునూ విడిగా పరీక్షించి దాని బాధ్యతను తేల్చే పని ఈ తరం శాస్త్రవేత్తలది. అందులో తెలుగు నేల మీది ప్రయోగశాలలకు అనుభవమూ ఉంది, తమ చుట్టూ ఉన్న రోగాల, పంటల సమస్యల రూపంలో బలమైన కారణమూ ఉంది.